చీటీ లేని మందు

2020 మార్చిలో అంతా మూతపడ్డాక జడ్చర్లలో తెరిచి ఉన్న కొద్ది షట్టర్లలో మా మేనమామ మెడికల్ షాపుది ఒకటి. బీఫార్మసీ అయిపోయి, ఉద్యోగం దొరక్క నేను అక్కడే కౌంటర్లో కూర్చునేవాణ్ణి. బయట తిరగడానికి మాకు పాస్ ఇచ్చారు. దాన్ని పోలీసులకు చూపించే ముచ్చట కోసమే, పనేమీ లేకున్నా, నలభై నాలుగో నంబరు హైవే దాకా బండేసుకుని పోయొచ్చేవాణ్ణి. ఊరంతా ఇంట్లో ఉంటే నేనేదో పెద్దమనిషినైనట్టు! దాని మీద ఎవరి సంతకం ఉండేదో ఇప్పుడు గుర్తులేదు. లామినేషన్ షాపు మూసి ఉంటే సెలైన్ సీసా కవరు తొడిగి జేబులో పెట్టుకున్నది మాత్రం బాగా గుర్తు.

షాపు ముందు తాడు కట్టాం, సున్నంతో గుండ్రాలు గీశాం. రోడ్డంతా బ్లీచింగ్ వాసన. ఆ రోజుల్లో వచ్చినవాళ్ల ముఖాలు నాకు జ్ఞాపకం రావు, రుమాలు పైనుంచి కనిపించిన కళ్లే ఉన్నాయి. గొంతులు ఇంకొన్ని.

మొదట్లో మా దగ్గరికి కరోనా భయంతో వచ్చినవాళ్లు తక్కువ. కల్లు దుకాణాలు బందైనందుకు వచ్చినవాళ్లే ఎక్కువ. పాలమూరులో దుకాణాల్లో అమ్మే కల్లు సంగతి అందరికీ తెలిసిందే. చెట్టు మీంచి దిగింది కొంచెం, కలిపింది ఎక్కువ. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. ఏళ్లతరబడి అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి ఇలాంటివాళ్లు గుంపులుగా వస్తున్నారని టీవీలో చూపించారు. ఇక్కడినుంచి ఎర్రగడ్డకు పోవడానికి బస్సేదీ?

ఒకామె మొగుణ్ణి బండి వెనక కూర్చోబెట్టుకుని, ఊరి పొలిమేరలో అడ్డమేసిన ముళ్లకంప పక్కకు లాగి వచ్చింది. అతను చెయ్యి ఆనిస్తే మా కౌంటర్ అద్దం గలగలలాడింది.

“అన్నా, రెండు రాత్రుల సంది కన్ను మూస్తలేడు. గోడ మీద పురుగులు పాకుతున్నయంటడు. ఒక్క నిద్రగోలీ ఇయ్యి, నీ కాల్మొక్త.”

అల్ప్రాజోలం మా ర్యాకులోనే ఉంది. డాక్టర్ చీటీ చూసి, రిజిస్టర్లో రాసుకుని ఇయ్యాల్సిన మందు అది. ఇన్నేళ్లూ ఏ చీటీ లేకుండా కల్లు సీసాలో పోసి తాగించినప్పుడు అడిగినవాడు లేడు. ఆ రోజు మాత్రం మామకు చట్టం గుర్తొచ్చింది. గుర్తుండాలి కూడా, లెక్క తెలియకుండా అలాంటివి ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. 108కి ఫోన్ చేసి మహబూబ్‌నగర్ సర్కారు దవాఖానకు పంపించాడు. బండి వచ్చేదాకా ఆమె గుండ్రంలో నిలబడలేదు, మొగుణ్ణి పట్టుకునే ఉంది.

ఏప్రిల్‌లో ఇంకో ఆదేశం వచ్చింది. జ్వరం, జలుబు, దగ్గు మందులు కొనేవాళ్ల పేరు, ఫోన్ నంబరు రాసుకోవాలని. ఆ నోటుబుక్కు నా చేతి కిందే ఉండేది. దాన్ని చూసి జనం నాలుక కరుచుకునేవాళ్లు. “తలనొప్పికి” అంటూ పారాసెటమాల్ అడిగేవాళ్లు.

మా దగ్గర నెలనెలా బీపీ గోలీలు తీసుకునే రిటైర్డ్ సారొకాయన ఉండేవారు. రోజూ తెల్లవారుజామున నడిచే మనిషి, లాక్‌డౌన్‌లో మిద్దె మీదే చుట్లు తిరిగేవారట, తర్వాత అదీ మానేశారు. ఆయన వాడే కంపెనీ గోలీ సరుకు రాక, వేరేది ఇచ్చాం. మందుల ఫ్యాక్టరీల పోలేపల్లి సెజ్ మా మండలంలోనే ఉంది మరి! ఒకరోజు ఛాతీలో మంట అంటూ గ్యాస్ మందు అడిగారు. చెమటలు చూసి మామ ఈసీజీ తీయించుకొమ్మని గట్టిగా చెప్పాడు.

“దవాఖానకు పోతే కరోనా అని రాస్తరయ్యా. చస్తే పీనుగు గూడ ఇయ్యరంట.”

రెండ్రోజులకో మూడ్రోజులకో, నిద్రలోనే పోయారు. గుండెపోటా, మరొకటా, పరీక్ష చేసినవాళ్లు లేరు. చావుకు ఇరవై మందికి మించకూడదన్నారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే ఈ ఊర్లో ఎందరో.

చాలాకాలానికి చదివాను, ఆ రోజుల్లో ఉత్తర ఇటలీలో, అమెరికాలో గుండెపోటుతో ఆస్పత్రికి వచ్చేవాళ్లు బాగా తగ్గిపోయారని. మన దేశంలో హృద్రోగ వైద్యుల సంఘం లెక్క తీస్తే మూడో వంతు తగ్గారని తేలింది. గుండెలు ఒక్కసారిగా బాగుపడి కాదు గదా! చదువుతుంటే ఆ చెమట పట్టిన నుదురు కనిపించింది.

మే 6న వైన్ షాపులు తెరిచారు. హైవే మీద బెంగళూరు వైపునుంచి మూటలతో నడిచొచ్చేవాళ్లు ఒకవైపు, ఈ క్యూ మరోవైపు. కల్లు దుకాణాలు ఎప్పుడు తెరిచారో తారీఖు చెప్పలేను.

ఇప్పుడు షాపు నేనే చూసుకుంటున్నాను. ముప్పై ఏళ్లవాళ్లు కూడా బీపీ గోలీలకు వస్తున్నారు. అదంతా లాక్‌డౌన్ పుణ్యమేనని నేననను, వెనకటి లెక్క నా దగ్గర లేదు. ఆ బండి మీద వచ్చినామె ఓసారి వచ్చింది. రుమాలు లేకపోతే గుర్తుపట్టలేదు, గొంతు విని పట్టాను. మీ ఆయన ఎట్లున్నడని అడిగాను.

“మంచిగున్నడన్నా. కల్లు తెరిచిన్రు గద, నిద్ర వడ్తుంది.”

ఆమె తెచ్చిన చీటీ ఆమెదే, బీపీకి. నెలకు రాస్తే, ఒక్క షీటే ఇయ్యమంది.