నూటికెంత?

"గూఢచారి విద్య నేర్చుకుంటావా? ఇన్నాళ్లూ ఇంట్లో చేస్తున్నది చాలదూ?" అన్నారు మావారు, పేపరులోంచి తల ఎత్తకుండానే.

వారి ఉద్యోగం ధర్మమా అని మేము అమెరికా వచ్చి చాలా కాలమైంది. అబ్బాయి చదువుకని వేరే ఊరు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. ఊళ్లో ఉన్న విశ్వవిద్యాలయంవారి సాయంకాలం క్లాసుల జాబితా తిరగేస్తూంటే "ఇంటెలిజెన్స్ విశ్లేషణ - మొదటి పాఠాలు" అన్నది కంటబడింది. రహస్య కాగితాలేవీ చూపించరు గనుక ఎవరైనా చేరవచ్చునట. చేరిపోయాను.

నల్లకళ్లద్దాలవాళ్లు కనిపిస్తారనుకుంటూ వెళ్లానా, అక్కడ ఉన్నది ప్రభుత్వంలో ఈ పనే చేసి రిటైరైన ఒక ముసలాయన. "దొంగచాటుగా కబుర్లు మోసుకొచ్చేవాళ్లు వేరు. వచ్చిన కబుర్లన్నీ ముందేసుకుని, ఏం జరుగుతోందో, రేపేం జరగబోతోందో చెప్పేవాళ్లు వేరు. మనది రెండో పని. కుర్చీలో కూర్చుని చేసేది" అన్నారాయన. పత్రికలూ, ఉపన్యాసాలూ, లెక్కల పుస్తకాలూ చదవడమే అందులో పెద్ద భాగమట. ఇటువంటి చదువుని పెన్సిల్వేనియాలోని ఈరీ పట్నంలో మెర్సీహర్స్ట్ కళాశాలవారు 1992లోనే మొదలుపెట్టారట. 2001 సెప్టెంబరు దాడుల తరువాత చాలాచోట్ల వెలిసింది.

మొదటి పాఠం షెర్మన్ కెంట్ అనే ఆయన గురించి. యేల్‌లో చరిత్ర చెప్పుకునే ప్రొఫెసరు కాస్తా సి.ఐ.ఏ.లో అంచనాలు రాసే బోర్డుకి పెద్ద అయ్యాడు. 1951లో యుగోస్లావియా మీద దండయాత్ర జరుగుతుందా అన్న ప్రశ్న వచ్చింది. "గట్టిగా ఆలోచించవలసినంత అవకాశం ఉంది" అని వీళ్లు రాశారు. తరువాత ఒక పెద్ద అధికారి "అంటే ఎంత?" అని అడిగితే, కెంట్ "నూటికి అరవై అయిదు" అన్నాడట. ఆ అధికారి అంతకన్నా చాలా తక్కువనుకున్నాడు. సరే కదా అని తనతోపాటు ఆ కాగితం తయారుచేసినవాళ్లనే అడిగి చూస్తే ఒకడు ఇరవై అన్నాడు, ఒకడు ఎనభై అన్నాడు! అందరూ కలిసి ఒప్పుకున్న వాక్యమే అది.

మాస్టారు మా చేత కూడా అటువంటి వాక్యానికే అంకె వేయించారు. నేను ముప్పై వేశాను. నా పక్కనున్న కుర్రవాడు డెబ్బై వేశాడు.

ఆ రాత్రి తెనాలిలో ఉన్న అమ్మకి ఫోను చేశాను. "ఉగాదికి అన్నయ్య వస్తున్నాడా?" అంటే "రావచ్చునే" అంది. ఈ "వచ్చు"లో నూటికెంత ఉన్నట్టు? మన ఇళ్లల్లో "చూద్దాం" అంటే లేదని, "అలాగే" అంటే ఇష్టం లేదని అర్థం చెప్పుకుంటాం కదా. ఆ లెక్కన అన్నయ్య రాడని నేను తేల్చేశాను. కారణం కూడా నాకు తెలుసు. నా మీద కోపం.

సంగతేమిటంటే, సంక్రాంతికి ఫోనులో అన్నయ్య "నాన్న ఇల్లు అమ్మేద్దామా చెల్లాయ్?" అన్నాడు. "నాన్న పోయి ఏడాది నిండలేదు, అప్పుడే అమ్మకాలా?" అని నేను ఒక్క మాట విసిరాను. అన్నయ్య మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఫోనూ చెయ్యలేదు.

రెండో నెలలో పట్టిక వేయడం నేర్పారు. రిచర్డ్స్ హ్యూయర్ అనే ఆయన 1999లో వచ్చిన పుస్తకంలో చెప్పిన పద్ధతి అది. పైన వరసగా ఊహలన్నీ రాయాలి, పక్కన సాక్ష్యాలన్నీ రాయాలి. ఏ సాక్ష్యం ఏ ఊహకి సరిపోతోందని కాదు, ఏ ఊహకి అడ్డు తగులుతోందని చూడాలి. అన్ని ఊహలకీ సరిపోయే సాక్ష్యం దేనికీ పనికిరాదు. నాకు వెంటనే మా పెరటిగోడ మీద కాకి జ్ఞాపకం వచ్చింది. అది రోజూ అరుస్తుంది. చుట్టాలు వచ్చిన రోజునే "పొద్దున్నే అరిచింది సుమా" అంటాం.

ఎంత చదివినవాళ్లకీ ఈ జబ్బు తప్పదట. 1962 సెప్టెంబరు 19న కెంట్ బోర్డువారే, సోవియట్లు క్యూబాలో క్షిపణులు పెట్టరు, అది వాళ్ల పద్ధతి కాదు అని రాశారు. అక్టోబరు 14న విమానం తీసిన ఫోటోలలో క్షిపణి స్థావరాలు కనబడ్డాయి! ఎదుటివాడు మనం అనుకున్నట్టే నడుస్తాడని నమ్మితే వచ్చే చేటు ఇది.

"మీకు బాగా తెలుసుననుకునే విషయం ఒకటి తీసుకుని పట్టిక వేసి తీసుకురండి" అన్నారు మాస్టారు.

నేను అన్నయ్యనే తీసుకున్నాను. ఊహలు నాలుగు: నా మీద కోపం, వదిన చెప్పుడు మాటలు, ఒంట్లో బాగులేకపోవడం, డబ్బు చిక్కు. చివరిది కేవలం వరస నింపడానికి రాశాను. అప్పు చేయకూడదని ఊరందరికీ చెప్పే మనిషి మా అన్నయ్య.

ఇక సాక్ష్యాలు. ఫోను చెయ్యడు - నాలుగింటికీ సరిపోతుంది. ఇల్లు అమ్ముదామన్నాడు - దాదాపు అంతే. కారు అమ్మేశాడని అమ్మ ఎప్పుడో అంది. చెల్లెలి మీద కోపమొస్తే కారు అమ్ముకుంటారా? ఫాల్గుణంలో నా పుట్టినరోజుకి బెజవాడ దుర్గమ్మ గుళ్లో నా పేరున పూజ చేయించి అమ్మకి ప్రసాదం పంపాడు. కోపానికి అడ్డం. అన్నిటికన్నా చివరగా తేదీలు వేద్దామని ఫోను తెరిచాను. అన్నయ్య ఫోనులు తగ్గింది దసరా నుంచి. నేను మాట విసిరింది సంక్రాంతికి.

మాట అనకముందే కోపం వచ్చేస్తుందా?

పెన్సిలు కింద పెట్టేశాను. ఇన్నాళ్లుగా నేను పెంచి పోషించిన కోపం అన్నయ్యది కాదు, నాది.

అప్పుడు మనదేశంలో ఉదయం ఏడు గంటలు. ఫోను వదిన ఎత్తింది. "ఇదుగో చెల్లెలు" అని అన్నయ్య చేతికిచ్చి అక్కడినుంచి వెళ్లిపోయింది కాబోలు, తలుపు చప్పుడైంది. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడాక చెప్పాడు. స్నేహితుడికి బ్యాంకులో హామీ సంతకం పెట్టాడట. ఆయన చేతులెత్తేశాడు. దసరానుంచీ వాయిదాలు తను కడుతున్నాడు.

"నాకు చెప్పవలసింది కాదూ?"

"చెబితే ఇల్లు అమ్మకం నా అవసరానికే అనుకుంటావని... అసలు ఆ రోజు చెబుదామనే చేశానే. ఇంతలో నువ్వు..."

ఆపైన ఇద్దరం మాట్లాడలేదు. డబ్బు సంగతి మావారూ నేనూ కలిసి చూసుకున్నాం. అది అంత పెద్ద కథేమీ కాదు.

మాస్టారు నా పట్టికకి మంచి మార్కులే వేశారు. "తేలిందేమిటి?" అని అడిగితే ఫోను చేసి కనుక్కున్నానని చెప్పాను. ఆయన నవ్వి, "అదృష్టవంతులు. అటువైపువాళ్లకి ఫోను చేసి అడిగే వీలు లేకే మేము ఈ పట్టికలు వేసుకునేది" అన్నారు.

మొన్న అమ్మతో మాట్లాడుతూ "వేసవికి మేము వస్తున్నాం, అన్నయ్యావాళ్లూ వస్తారా?" అన్నాను.

"రావచ్చునే" అంది యథాప్రకారం.

"నూటికెంతమ్మా?"

"నూరూ లేదు, ఆరూ లేదు. నువ్వు పిలవవే, వస్తాడు" అంది.