ముంతల పెట్టిన సంసారం

ఏం వదినె, బట్టలారేస్తున్నవా? అయినంక ఓపాలి మా ఇంట్లకు రా. మా పిలగాని అక్వేరియంల చేపలు పిల్లల్ని చేసినయ్. అవి సాకుతున్న తీరు చూస్తే నువ్వు ఆడికెల్లి కదలవు.

క్రిబెన్సిస్ అంటరు వాటిని. ఆఫ్రికాల నైజీరియా వాటి పుట్టిల్లు. మగది నాలుగు అంగుళాలుంటది, ఆడది ఇంకింత పొట్టి. గుడ్ల మీదికొస్తే ఆడదాని పొట్ట ఎర్రటి గులాబీ రంగుకు తిరుగుతది. మావోడు మట్టి ముంత అంచు పగలగొట్టి, దారి పెట్టి బోర్లిచ్చిండు. ఆడది అండ్ల దూరి పైకప్పుకు గుడ్లు అంటిచ్చింది. అప్పటిసంది బయటికొచ్చుడే తక్కువ. రెక్కలతోని గుడ్లకు నీళ్లు విసురుతనే ఉంటది. చెడి తెల్లగైన గుడ్డును ఏరి తీసేస్తది, లేకుంటే బూజు పక్కదానికి అంటుకుంటది. మగది వాకిట్ల కావలి. ఇంకో చేప అటు మర్లితే చాలు, మీదికి ఉరుకుతది.

మూడు దినాలకు గుడ్లు పగులుతయ్ గని పిల్లలకు అప్పుడే ఈత రాదు. పొట్టకింది సొన మీద బతుక్కుంట ఇంకొన్ని దినాలు ముంతలనే ఉంటయ్. ఈత రాంగనే తల్లి అన్నిటిని ఎంటేసుకొని బయటికొస్తది. గది చూడాలె వదినె! బెదురు పుట్టిందనుకో, తల్లి ఒళ్లు జాడిస్తది. పిల్లలన్ని ఇసుక మీద కూసుంటయ్, మెదలయ్. ఎనకబడ్డదాన్ని నోట్ల పట్టుకొచ్చి గుంపుల ఇడుస్తది.

మన బోరు నీళ్లల్ల బతుకుతయా అంటవా? ఇవి తట్టుకుంటయ్. రామ్ అని, అపిస్టోగ్రామా అని దక్షిణ అమెరికా పొట్టి చేపలున్నయ్. వాటి గుడ్లకైతే ఉప్పు లేని మెత్తటి నీళ్లు కావాలె. క్రిబెన్సిస్‌లల్ల గూడ మొదటి కాన్పుల కొన్ని జంటలు గుడ్లు తినేస్తయ్, బెదిరినా తింటయ్. అందుకే మావోడు అద్దాన్ని ఎవర్నీ తట్టనియ్యడు.

ఇది పరదేశం ముచ్చటని అనుకోకు. మన చెరువుల జిలేబీ ఈ క్రిబెన్సిస్ కుటుంబమే. అది కూడ ఆఫ్రికా చేపనే, 1952ల మన దేశానికి తెచ్చిండ్రు. తల్లి గుడ్లను నోట్లనే దాచి పొదుగుతది, అన్ని దినాలు సరిగ తిండి గూడ తినదు.

కొర్రమట్టది వేరే జాతి గని పిల్లల మీద పాణం ఒక్కటే. 2016ల తెలంగాణ రాష్ట్ర చేప అని పేరిచ్చిండ్రు దానికి. వానలు పడ్డంక చెరువంచు గడ్డిల గుడ్లు పెడ్తది. ఎర్రటి పిల్లలు గుంపుగట్టి గాలి పీల్చనీకి మీదికొస్తయ్, కింద పెద్ద చేప కాస్తుంటది. కొందరు ఆ ఎర్ర గుంపును చూసే గాలమేస్తరు. దగ్గరికొచ్చినదాన్ని కొట్టనీకి వచ్చి అది చిక్కుతది. పెద్దది పోతే పిల్లలు పాములకు, కొంగలకే కద!

మా అన్నకు నువ్వు చెప్పు వదినె. దుందుభి వాగుకు పోయినా, చెరువుకు పోయినా ఎర్ర పిల్లలు కనవడితే గాలం ఎనకకు గుంజుమను. పిల్లలు పెద్దగై చెదిరినంక పట్టుకోనీ, ఎవరొద్దంటరు? పిల్లల్ని కాసుకునే చేపను ఇడిస్తేనే మళ్లేడు చెరువుల కొర్రమట్ట ఉంటది.