ఏం చూశావమ్మా అక్కడ? – బహ్లా, జబ్రీన్ కోటల్లో ఒక రోజు

గల్ఫ్‌లో ఉంటున్న మన ఆడవాళ్లని "అక్కడ ఏమేం చూశావు?" అని అడిగి చూడండి. ఒమాన్‌లో ఉన్నవాళ్లయితే మస్కట్ పెద్ద మసీదు అంటారు, మత్రా బజారు అంటారు, ఆ తర్వాత ఆగిపోతారు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు ఆ రెండు పేర్లు కూడా చెప్పలేరు. అందుకే ఈసారి మీకు ఇంకో ఊరి గురించి రాస్తున్నాను. దాని పేరు బహ్లా.

మస్కట్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. నిజ్వా దాటాక అరగంట పైచిలుకు ప్రయాణం. కొండల మధ్య ఖర్జూరం తోటలు, ఆ తోటల చుట్టూ 12 కిలోమీటర్ల పొడవున మట్టిగోడ, మధ్యలో మట్టి రంగులోనే పెద్ద కోట. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఒమాన్ నుంచి మొట్టమొదట ఎక్కింది ఈ బహ్లా కోటే. దానికి పది కిలోమీటర్ల లోపే జబ్రీన్ కోట ఉంది. కోట అంటారు గానీ లోపలికి వెళితే అదొక బొమ్మల కొలువు. ఒమాన్‌లో పాతకాలపు చిత్రకళ చూడాలంటే ముందు అక్కడికే వెళ్లాలి.

నాతో వచ్చినావిడ కోనసీమ మనిషి. పేరు రాయొద్దంది, అక్క అనే రాస్తాను. నిజ్వాలో ఒక ఇంట్లో పదకొండేళ్లు వంటా, ఇంటిపనీ చేసింది. ఆ ఇంటివాళ్లు మంచివాళ్లే, జీతం ఏ నెలా ఆగలేదు. ఇప్పుడు వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి వెళ్లిపోతోంది. వచ్చేటప్పుడు కూతురికి ఎనిమిదేళ్లు, ఇప్పుడు పంతొమ్మిది. రాజమండ్రిలో నర్సింగ్ చదువుతోంది. మధ్యలో అక్క ఇంటికి వెళ్లింది మూడుసార్లే.

వెళ్లేముందు ఆవిడకి పట్టుకున్న బెంగ డబ్బు గురించి కాదు. "చెల్లెమ్మా, మా పిల్లకి నేను ఫోన్లో గొంతునే. ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలీట్లేదు. మొన్న 'అమ్మా, అన్నేళ్లున్నావు కదా, ఆ దేశంలో ఏం చూశావు?' అనడిగింది. ఏం చెప్పను? కిచెన్, కారు అద్దం, ఎయిర్‌పోర్టు" అంది. విమానానికి ఇంకా రెండు రోజులుంది. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం.

ముందు బహ్లా కోట. బనూ నబ్హాన్ అనే తెగ ఈ ప్రాంతాన్ని ఏలిన కాలంలో, అంటే 12వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా, కట్టుకుంటూ పోయిన కోట ఇది. రాతి పునాది మీద మట్టి ఇటుకలు. లోపల సామాన్లేమీ ఉండవు. ఒక గదిలోంచి ఇంకో గది, మెట్లు, మళ్లీ మెట్లు, పైకెక్కితే ఊరంతా పచ్చగా కనిపిస్తుంది. కొందరికి "ఖాళీగా ఉందే" అనిపించొచ్చు. అక్కకి అలా అనిపించలేదు. గోడ మీద చెయ్యి వేసి, గరుకు చూసి, "గడ్డి కలిపారు" అంది. వాళ్ల అమ్మగారి ఇల్లు మట్టిగోడల ఇల్లేనట. "ఏటా వానలకి ముందు గోడలకి మట్టి పూసేవాళ్లం. ఒక్క ఏడు మానేస్తే మూల కూలేది. ఇంత గోడకి ఎవరు పూస్తున్నారు?"

ఆ ప్రశ్నకి జవాబు ఈ కోట చరిత్రలోనే ఉంది. యునెస్కో జాబితాలోకి ఎక్కిన మరుసటి ఏడే, 1988లో, దీన్ని 'ప్రమాదంలో ఉన్నవి' అనే జాబితాలో కూడా పెట్టాల్సి వచ్చింది. కారణం వానే. వాన పడ్డప్పుడల్లా కొంత గోడ కరిగి కూలిపోయేది. ఏళ్ల తరబడి మరమ్మతులు చేశాక 2004లో ఆ జాబితాలోంచి తీశారు. మామూలు జనాన్ని లోపలికి రానిచ్చింది 2012లో. చెబితే అక్క తలాడించి, "మట్టిల్లంటే అంతే, పిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకోవాలి" అంది.

అక్కడ్నుంచి జబ్రీన్. 17వ శతాబ్దం రెండో సగంలో బిలారబ్ బిన్ సుల్తాన్ అనే ఇమామ్ కట్టించాడు. యారుబీ వంశం. నిజ్వా కోటలోని పెద్ద గుండ్రటి బురుజు కట్టించింది ఈయన తండ్రే. తండ్రి కట్టింది ఫిరంగుల కోసం, కొడుకు కట్టింది ఉండటానికీ చదువుకోడానికీ. పై అంతస్తులో బడి నడిచింది. పండితులు, కవులు వచ్చి ఉండేవారు. టికెట్టు దగ్గర ఆడియో గైడ్ ఇస్తారు, అందులో తెలుగు లేదు. పర్వాలేదు, నాకు అక్క ఉంది.

కింది అంతస్తులో ఒక గది నేలంతా సన్నటి కాలవల్లా చాళ్లు తీసి ఉంటుంది. వచ్చిన టూరిస్టులు ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతున్నారు. అక్క గడపలోనే ఆగి, "ఇది మద్‌బసా" అంది. ఖర్జూరాల్ని బస్తాల్లో కుక్కి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. పై బరువుకి కింది బస్తాల్లోంచి పాకం దిగి, చాళ్లలో పారి, చివర పెట్టిన కుండలోకి చేరుతుంది. నిప్పు అక్కర్లేదు. దాన్ని దిబ్స్ అంటారు. "మేడమ్ వాళ్ల అత్తగారు చెప్పేది, వాళ్ల చిన్నప్పుడు ఇంట్లో ఇలాంటి గది ఉండేదట. ఇప్పుడు సీసాలో కొంటున్నారు. నేను రోజూ పొద్దున రొట్టెలోకి పోసేదాన్నే." శత్రువులు వస్తే ఇదే పాకాన్ని మరగకాచి గుమ్మం పైనున్న కంతల్లోంచి వాళ్ల మీద పోసేవారట. అది విని అక్క నవ్వేసింది. "ఆడాళ్లని అడిగే కనిపెట్టుంటారు. పాకం చేతి మీద పడితే ఎలా ఉంటుందో మనకే కదా తెలుసు!"

కోట లోపలి నుంచే ఒక ఫలజ్ పారుతుంది. ఫలజ్ అంటే కొండ అడుగు నుంచో వాగు నుంచో నీటిని పల్లం చూసి నడిపించుకొచ్చే కాలవ. మోటార్లు లేవు, ఊరంతా గంటల లెక్కన వంతులు వేసుకుని పొలాలకి పెట్టుకుంటారు. 2006లో ఒమాన్ ఫలజ్‌లు అయిదింటిని యునెస్కో జాబితాలో చేర్చారు. వంతుల సంగతి వినగానే అక్కకి మా ఊరి కాలవ గుర్తొచ్చిందంది. రాత్రి రెండింటికి నీళ్ల వంతు వస్తే వాళ్ల నాన్న లాంతరు పట్టుకెళ్లేవాడట. ఎడారి దేశంలో పదకొండేళ్లున్న మనిషి, కాలవ పక్కన చెయ్యి తడుపుకుంటూ ఆ కబురు చెబుతుంటే ఇద్దరం చాలాసేపు అక్కడే ఉండిపోయాం.

వంటగది చూశాం. కాఫీ పోసే దల్లా కూజాలు, రాగి పళ్లేలు. కహ్వా ఎలా పోయాలో అక్క నాకు అక్కడే చేసి చూపించింది. కూజా ఎడమ చేత్తో, కప్పు కుడి చేత్తో. కప్పు నిండా పోయకూడదు, నిండా పోస్తే ఇక లేచి వెళ్లమన్నట్టు. అతిథి కప్పుని అటూ ఇటూ ఊపితే చాలని అర్థం. తర్వాత బోర్డులన్నీ నాచేత చదివించుకుని, "ఇమామ్ గారి పేరుంది, ఇంత మందికి వండిందెవరో రాయలేదే" అంది. నిజమే, రాయలేదు.

ఇక పైకప్పులు. మీరు జబ్రీన్ వెళ్లేది వీటి కోసమే. మెట్ల దారి పొడవునా కమానుల మీద సున్నంలో చెక్కిన అరబ్బీ రాతలు. గదుల్లోకి వెళ్లి తలెత్తితే చెక్క దూలాలు, వాటి మధ్య పలకలు, అంగుళం ఖాళీ లేకుండా రంగులు. ఎరుపు, నలుపు, పసిమి. పువ్వులు, తీగలు, తీగలోంచి మళ్లీ పువ్వు. మనుషుల బొమ్మ ఒక్కటీ ఉండదు. 'సూర్యచంద్రుల గది' అని ఒక సభామందిరం ఉంది. దానికి పధ్నాలుగు కిటికీలు, కింద ఏడు, పైన ఏడు. చల్లగాలి కింద కిటికీల్లోంచి వస్తుంది, వేడెక్కిన గాలి పైవాటిలోంచి పోతుంది. బయట ఎండ మండుతున్నా లోపల ఫ్యాన్ లేకుండా కూర్చోవచ్చు. అక్క చెప్పులు పక్కన పెట్టి నేల మీద చతికిలబడి, తల వెనక్కి వాల్చి చూస్తూనే ఉంది.

"పెడన చీరలా లేదూ?" అంది కాసేపటికి.

ఆ మాట ఊరికే పోయేది కాదు. పెడన, మచిలీపట్నం కలంకారీలో ఆ మెలికల తీగలు, విచ్చుకున్న పువ్వులు పర్షియా నుంచి వచ్చిన వాడుక. ఈ కోట కట్టిన శతాబ్దంలోనే మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు ఓడల మీద పర్షియాకి వెళ్లేవి. పర్షియా వాళ్లకి నచ్చిన పువ్వులనే మనవాళ్లు అద్దేవారు. జబ్రీన్ పైకప్పుల మీదా ఆ పర్షియా పోలికే ఉందని చెబుతారు. అంటే కృష్ణాజిల్లా చీర మీదా, బహ్లా పక్కన పైకప్పు మీదా ఉన్నవి దూరపు చుట్టాలైన పువ్వులన్నమాట. ఈ సంగతి చెప్పేదాకా అక్కకి తెలియదు, కానీ చుట్టరికం గుర్తుపట్టింది తనే.

అక్కడే కూతురికి వీడియో కాల్ చేసింది. ఫోను పైకెత్తి, గదంతా నెమ్మదిగా తిప్పి చూపించింది. నేను చెప్పినవీ, తనకి తెలిసినవీ కలిపి చెప్పుకుపోయింది. పాకం గది, కిటికీల లెక్క, ఇమామ్ తన గుర్రాన్ని పై అంతస్తులోనే కట్టేసుకునేవాడన్న కథ, అన్నీ. సొంత తమ్ముడు సైఫ్‌తో తగువు పెరిగి, అతను కోటని చుట్టుముట్టి ఉండగానే, 1692లో ఇమామ్ ఈ కోటలోనే చనిపోయాడు. సమాధి కూడా కిందనే ఉంది. ఆ కథ చెప్పేటప్పుడు అక్క గొంతు తగ్గించింది, వింటాడేమో అన్నట్టు. అవతల పిల్ల ప్రశ్న మీద ప్రశ్న వేస్తోంది. "కిటికీలు మళ్లీ చూపించమ్మా. ఆసుపత్రి వార్డులకి కూడా ఇలా పెడితే బాగుంటుంది కదా" అంది. తల్లీకూతుళ్లు అలా నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. తిన్నావా, ఫీజు కట్టారా అన్న మాటలు అందులో రాలేదు.

ఖర్జూరం చెట్ల నీడన పులిహోర తిని, వెనక్కి వస్తూ బహ్లాలో కుమ్మరుల దగ్గర ఆగాం. ఇక్కడి మట్టికుండలకి చాలా పేరు. నీళ్లు చల్లబరచడానికి వేలాడదీసే జహ్లా, సాంబ్రాణి వేసే మజ్మర్, ఇంకా చాలా. సారె తిరుగుతుంటే అక్క కళ్లు ఆర్పకుండా చూసింది. జహ్లా మీద మనసైంది గానీ సామాను ముప్పై కిలోలు దాటకూడదు. చిన్న మజ్మర్ ఒకటి తీసుకుని చున్నీలో చుట్టుకుంది. "దీన్ని హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకుంటాను. బంగారం చెకిన్‌లో పోయినా పర్లేదు" అని నవ్వింది.

మీరు వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండ భరించగలం. పొద్దున్నే బహ్లా, తర్వాత జబ్రీన్ పెట్టుకోండి. శుక్రవారం వేళలు వేరుగా ఉంటాయి, ముందు కనుక్కోండి. రెండు చోట్లా మెట్లు ఎత్తుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే కింది అంతస్తు చాలు, పాకం గది, ఫలజ్ అక్కడే ఉన్నాయి. సొంత బండి లేకపోతే నిజ్వా దాకా బస్సు, అక్కడ్నుంచి నలుగురు కలిస్తే ట్యాక్సీ.

ఇంకో మాట. బండి ఉన్నవాళ్లు, సెలవు ఉన్నవాళ్లు, మీ వీధిలో మన భాష మాట్లాడే ఇంటిపని ఆవిడ ఎవరైనా ఉంటే ఒక్కరోజు తీసుకెళ్లండి. ఇంటివాళ్లని మర్యాదగా అడిగితే పంపేవాళ్లు ఉన్నారు. ఆవిడకి మీరు చూపించేదానికంటే ఆవిడ మీకు చూపించేదే ఎక్కువ ఉంటుంది. ఊళ్లో ఉండి ఇది చదువుతున్న అమ్మలు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, ఈసారి ఫోను వచ్చినప్పుడు డబ్బు సంగతులు అయ్యాక, "అక్కడ ఏం చూశావు?" అని కూడా అడగండి. ఏమీ చూడలేదంటే, చూసి రమ్మనండి.

అక్క ఇంటికి చేరింది. మజ్మర్ పగలకుండా వెళ్లింది. కూతురు హాస్టల్ నుంచి వచ్చిన మొదటి రాత్రి ఇద్దరూ దిబ్స్ చేద్దామని ఖర్జూరాలకి బదులు తాటిపండ్లతో ప్రయత్నించారట. కుదరలేదట గానీ, తెల్లవార్లూ కబుర్లు చెప్పుకున్నారట.