వెనుదిరిగే చోటు

పుట్టింది గోదావరి గట్టున, బతుకుతున్నది ఎడ్మంటన్‌లో. చలికాలం నడిమధ్యన మోటారుసైకిలు మీద ఆర్కిటిక్ వలయం దాటి వెళ్ళాలన్న కోరిక ఇటువంటివాడికి ఎందుకు పుట్టిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. "ఉన్న చలి చాల్లేదా?" అని మిత్రులు నవ్వుతుంటారు. నవ్వదగిన విషయమే. అయితే మూడేళ్ళుగా ఆ ప్రయాణానికి ప్రణాళిక రాసుకుంటున్న నోటుపుస్తకం మాత్రం నవ్వులాట కాదు. అందులోని సంగతులు కొన్ని మీతో పంచుకోవాలనిపించింది.

నేను ఎంచుకున్నది డెంప్‌స్టర్ రహదారి. కెనడాలో యూకాన్ ప్రాంతపు డాసన్ పట్టణానికి దాదాపు 40 కి.మీ. తూర్పున మొదలై, సుమారు 740 కి.మీ. సాగి, మెకెంజీ నది డెల్టాలోని ఇనూవిక్ చేరుతుంది. 1979లో తెరిచిన కంకర దారి అది. చలికాలంలో ఆ కంకరను గట్టిపడిన మంచు కప్పేస్తుంది. ఇనూవిక్ నుంచి సముద్రతీరపు టుక్టోయాక్టక్ ఊరికి ఒకప్పుడు గడ్డకట్టిన నది మీదుగా, సముద్రం మీదుగా మంచుదారి ఉండేది. దానిని 2017 ఏప్రిల్‌లో చివరిసారిగా మూసివేశారు. అదే ఏడాది నవంబరులో ఏడాది పొడుగునా నడిచే 138 కి.మీ. నేలదారి తెరుచుకుంది. ఆ ఊరివాళ్ళకు మేలే జరిగింది. సముద్రం మీద బండి నడపాలన్న నా బోటివాళ్ళ ముచ్చట మాత్రం అక్కడితో తీరిపోయింది.

అయినా నదులు మిగిలాయి. దారిలో పీల్, మెకెంజీ నదులకు వంతెనలు లేవు. వేసవిలో మన గోదావరి మీద లాగే పంటు దాటిస్తుంది. చలికాలంలో నదే వంతెన. నీరు గడ్డకడుతున్న రోజుల్లోనూ, కరుగుతున్న రోజుల్లోనూ దాటే ఉపాయమే లేదు. మంచు మోయగల బరువు దాని మందానికి వర్గంగా పెరుగుతుంది: మందం రెట్టింపయితే బలం నాలుగింతలు. అదీ నీలంగా, స్వచ్ఛంగా ఉన్న మంచుకు. తెల్లగా, గాలిబుడగలతో ఉన్న మంచు బలం అందులో సగమనే లెక్క వేసుకోవాలి. బరువైన లారీలు మంచు మీద మెల్లగా పోవడానికి కారణం జారుడు ఒక్కటే కాదు. చక్రాల బరువుకు మంచు కింది నీటిలో ఒక అల పుడుతుంది. బండి వేగమూ అల వేగమూ ఒకటైతే పైనున్న పలక పగులుతుంది.

ఇక చలి. నేను మార్చి నెలను ఎంచుకున్నాను. మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది, పగలు పన్నెండు గంటలకు చేరువవుతుంది. గాలి చలి సున్నాకు 25 డిగ్రీల దిగువన ఉన్నప్పుడు 80 కి.మీ. వేగంతో పోతే, ఒంటికి అది సున్నాకు 45 దిగువన ఉన్నట్టే. కప్పుకోని చర్మం నిమిషాల్లో గడ్డకడుతుంది. కరెంటుతో వేడెక్కే చొక్కా, చేతితొడుగులు ఉన్నాయి గాని, అవి తినే వాట్లను బండి పుట్టించగలగాలి. పాతకాలపు బళ్ళు పుట్టించేది రెండు వందల చిల్లర వాట్లే. లైటు, ఇగ్నిషన్ వాటా పోగా మిగిలినదే మనకు. చలి కన్నా చెమట ప్రమాదం. చెమటతో తడిసిన నూలుబట్ట ఆగిన మరుక్షణమే శత్రువవుతుంది. కాబట్టి ఒంటిని అంటి ఉండేది ఉన్ని మాత్రమే.

యంత్రం బాధలు యంత్రానివి. మామూలు ఇంజనాయిలు చిక్కని జిగురవుతుంది. బ్యాటరీ సత్తువ సగానికి పడిపోతుంది. క్రాంక్‌కేసు ఊపిరిగొట్టంలో తేమ గడ్డకట్టి మూసుకుపోతే, లోపలి ఒత్తిడి సీళ్ళను తన్నేసి నూనెను బయటికి కక్కుతుంది. టైర్లకు మేకులు తప్పనిసరి. పెట్రోలు గడ్డకట్టదు గాని, ఆ చలిలో చేతిమీద ఒలికితే చర్మాన్ని కాల్చినట్టే చంపుతుంది. దారి మొదలైన చోటి నుంచి ఈగిల్ ప్లెయిన్స్ వరకు, అంటే 369 కి.మీ., పెట్రోలు దొరకదు. అక్కడి నుంచి ఆర్కిటిక్ వలయం దాటాక వచ్చే కొండల దగ్గర గాలి ఎంత విసురుగా వీస్తుందంటే, దారికి గేట్లు వేసి మూసేస్తారు. ఒక్కోసారి రోజుల తరబడి.

ఇవన్నీ డబ్బుతో, ఓపికతో తీరే సమస్యలు. తీరనిది వేరే ఉంది.

ఆ రహదారి పేరు ఎవరిదని వెతికితే ఒక కథ దొరికింది. 1910 డిసెంబరు 21న ఫ్రాన్సిస్ ఫిట్జెరాల్డ్ అనే పోలీసు అధికారి మరి ముగ్గురితో, కుక్కబండ్లతో ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కు బయలుదేరాడు. వేగంగా చేరాలని తిండి తగ్గించి తీసుకున్నాడు. కొన్నాళ్ళు దారి చూపిన స్థానిక గ్విచిన్ మనిషిని కొత్త ఏడాది మొదట్లోనే పంపేశాడు. ఆ తరువాత కొండల్లోకి తిరగవలసిన వాగు దొరకలేదు. దాదాపు వారం వెతికి, జనవరి నడుమ వెనుదిరిగాడు. అప్పటికి తిండి అయిపోవచ్చింది. కుక్కలను ఒక్కొక్కటిగా చంపి తిన్నారు. నలుగురూ చనిపోయారు. చివరి ఇద్దరి శవాలు బయలుదేరిన ఊరికి దాదాపు 40 కి.మీ. దూరంలో దొరికాయి. 1911 మార్చిలో వాళ్ళను వెతికి కనుగొన్నవాడు కార్పొరల్ విలియం డెంప్‌స్టర్. దారికి పెట్టినది అతని పేరే.

ఈ కథ చదివాక నా నోటుపుస్తకంలో కొత్త పుట మొదలైంది. దాని శీర్షిక "ఎక్కడ వెనుదిరగాలి". ఈగిల్ ప్లెయిన్స్‌లో చలి సున్నాకు 35 దిగువకు పోతే ఆగాలి. వేళ్ళకు స్పర్శ పోతే, గమ్యం కనబడుతున్నా, దగ్గరున్న గూటికే వెళ్ళాలి. నాలుగు రోజులు ఏ పనీ లేని ఖాళీ రోజులుగా ఉంచాలి. ఒంటరిగా వెళ్ళరాదు. ఈ నిబంధనలకు నా భార్య కూడా సంతకం చేసింది. "ఇంట్లో వెచ్చగా కూర్చుని రాసినవాడి మాట, అక్కడ గాలిలో నిలబడ్డవాడు వినాలి" అన్నది ఆవిడ షరతు.

నాతో రావలసిన మిత్రుడికి ఆ ఖాళీ రోజులే నచ్చలేదు. అతనికి దొరికే సెలవు పది రోజులు. "సామాను తగ్గిద్దాం, వేగం పెంచుదాం, దారి మూస్తే అప్పుడు చూద్దాం" అన్నాడు. నాకన్నా బాగా నడుపుతాడు, యంత్రం గుట్టు తెలిసినవాడు. అతని మాటలో పిరికితనం లేదు, అవివేకమూ లేదు. ఉన్నది పది రోజుల సెలవు మాత్రమే. ఫిట్జెరాల్డ్ కథ చెప్పాను. "అది నూరేళ్ళ నాటి మాట, ఇప్పుడు శాటిలైటు ఫోనుంది" అన్నాడు. ఫోను కబురు చేరవేస్తుందే గాని, మూసిన గేటు తెరవదు. రెండు వారాలు వాదించుకున్నాం. స్నేహం మిగిలింది, ప్రయాణం మిగలలేదు.

ఈ సంగతి ఫోనులో చెబితే మా అమ్మ తేలికపడుతుందనుకున్నాను. ఆవిడ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "అది కాదురా నాన్నా, ఆ దారిలో మనకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. లేరన్నాను. "ముందు ఆ పని చూడు. మనుషులు లేని ఊరికి ఎంత సామాను మోసుకెళ్ళి ఏం లాభం?" అంది.

నూనె చిక్కదనం నుంచి మంచు మందం దాకా అన్నీ లెక్కగట్టిన పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. ఇప్పుడు రాశాను. వచ్చే వేసవి సెలవుల్లో, మోటారుసైకిలు లేకుండా, భార్యాపిల్లలతో కారులో ఫోర్ట్ మెక్‌ఫర్సన్ వెళ్ళి వారం రోజులు ఉండాలని నిర్ణయించుకున్నాం. పంటు మీద పీల్ నది దాటుతాం. మంచుదారి ప్రయాణం ఏ మార్చిలో అన్న చోట గడి ఖాళీగానే ఉంది. రెండో మనిషి పేరు రాయవలసిన గడి కూడా.