బోర్డు మీది కోడ్ ఎవరి గడపకు తీసుకుపోతుంది?

2025 ఫిబ్రవరి 9, ఆదివారం, ఇస్నాపూర్

సదాశివపేటలో అక్కావాళ్లింటికి పోయొచ్చాను. కంది దాటాక హైవేకు రెండు పక్కలా వెంచర్ల బోర్డులే. ‘డీటీసీపీ అప్రూవ్డ్, రెరా అప్రూవ్డ్, స్పాట్ రిజిస్ట్రేషన్, త్రిబుల్ ఆర్‌కు అయిదు నిమిషాలు.’ (డీటీసీపీ అంటే పట్టణ ప్రణాళిక శాఖ, రెరా అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ, త్రిబుల్ ఆర్ అంటే రీజినల్ రింగ్ రోడ్డు.) ఇప్పుడు చాలా బోర్డుల మీద ఒక మూల క్యూఆర్ కోడ్ కూడా కనిపిస్తోంది.

బావ పటాన్‌చెరులో ఒక చిన్న షెడ్డులో లేత్ మీద పనిచేస్తాడు. పీఎఫ్ డబ్బు కొంత తీసి రెండు వందల గజాలు కొనాలని ఆశ. “స్కాన్ కొడితే అన్నీ వస్తున్నయిరా. కోడ్ ఉన్నదంటే గవర్నమెంటుల ఎక్కినట్టే గదా” అన్నాడు. అక్క ఏమీ అనలేదు గానీ నా మొహం చూసింది. వచ్చే ఆదివారం ఆయన వెంట సైటుకు నేనూ వస్తానని చెప్పాను.

ఫిబ్రవరి 11, మంగళవారం, నైట్ షిఫ్ట్ తర్వాత

మందుల కంపెనీలో నా పని ప్యాకింగ్. పెట్టె మీద కోడ్ సరిగా పడిందో లేదో కెమెరా చూస్తుంది. చదవలేకపోతే ఆ పెట్టె బయటికి పోదు. 2023 ఆగస్టు 1 నుంచి దేశంలో 300 మందుల బ్రాండ్లకు ఈ కోడ్ తప్పనిసరి. మందు పేరు, తయారుచేసిన సంస్థ, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు అన్నీ అందులో ఉండాలి. ఏమేం ఉండాలో కంపెనీ ఇష్టానికి వదల్లేదు, చట్టమే రాసిపెట్టింది.

సరిగ్గా అదే తేదీ నుంచి మహారాష్ట్ర రెరా కూడా ఇళ్ల ప్రాజెక్టుల ప్రకటనలకు కోడ్ తప్పనిసరి చేసింది. లేకపోతే 50 వేల రూపాయల దాకా జరిమానా. అక్కడ ఆ కోడ్‌ను ప్రాజెక్టుకు ఇచ్చేది రెరాయే. స్కాన్ చేస్తే రెరా దగ్గరున్న ఆ ప్రాజెక్టు వివరాలే తెరుచుకుంటాయి.

బావకు చెప్పవలసింది ఇదే: కోడ్ ఉంటే చాలదు, దాన్ని ఎవరిచ్చారో చూడాలి. ఈ క్యూఆర్ గళ్లు 1994లో జపాన్‌లో డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం తయారుచేసినవి. కార్ల విడిభాగాల లెక్క తప్పకుండా ఉండటానికి పుట్టాయి. ఆ గళ్లలో ఉండేది కొన్ని అక్షరాలు, అంకెలు, చాలాసార్లు ఒక వెబ్ చిరునామా. రాసుకున్నవాడు ఏది రాస్తే అదే. ఎవరైనా నిమిషంలో తయారుచేసుకోవచ్చు, ఏ ఆఫీసు సంతకమూ అక్కర్లేదు. ఇంకొక రకం ఉంది. బోర్డు మీది గళ్లు మారవు గానీ అవి తీసుకుపోయే పేజీని వెనక నుంచి ఎప్పుడైనా మార్చేయొచ్చు. ఇవాళ చూసిన లేఅవుట్ నెల తర్వాత అక్కడ ఉండాలని లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

అక్క, బావ, నేను ప్లాట్లు అమ్మే కంపెనీవాళ్ల కారులో వెంచర్‌కు పోయాం. ఏ వెంచరో ఇక్కడ రాయను. కమాను, రంగు జెండాలు, సున్నం కొట్టిన హద్దురాళ్లు, టెంటు కింద భోజనాలు. గేటు దగ్గరి బోర్డు మీద కోడ్ స్కాన్ చేశాను. వాట్సాప్ తెరుచుకుంది, ‘ప్లాటు వివరాలు కావాలి’ అన్న మాట ముందే టైపయి ఉంది. పంపితే నా నంబరు వాళ్లకు చేరుతుంది, తిరిగి బొమ్మల బ్రోచర్ వస్తుంది. భూమి కాగితం ఒక్కటీ లేదు. కొనేవాడి ఆచూకీ అమ్మేవాడికి అందించడానికి పెట్టిన కోడ్ అది.

కోడ్ కింద సన్నని అక్షరాల్లో రెరా నంబరు ఉంది. దాన్ని తెలంగాణ రెరా వెబ్‌సైటులో చేత్తో టైపు చేశాను. ప్రాజెక్టు వచ్చింది. కంపెనీ అదే, కానీ ఊరు వేరు, మండలం వేరు, సర్వే నంబర్లు వేరు. ఏజెంటును అడిగితే “ఇది ఫేజ్ టూ సార్, నంబర్ వస్తది, ఈలోపు రేటు పెరుగుతది” అన్నాడు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఒక్కో ఫేజ్‌ను విడి ప్రాజెక్టుగానే చూడాలి, విడిగా రిజిస్టర్ చేయాలి. చట్టం కిందికి వచ్చే ప్రాజెక్టుకు రిజిస్టర్ కాకముందు ప్రకటనే ఇవ్వకూడదు, అమ్మకం తర్వాతి మాట. ప్రకటనలో రెరా నంబరూ, వెబ్‌సైటు చిరునామా స్పష్టంగా కనపడాలి.

సగం డబ్బు వెంటనే కడితే గజానికి ఇంత తగ్గిస్తామన్నారు. రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని అదే చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ఏజెంటు ముందే ఫోనులో ఆ సెక్షన్ తీసి బావకు చదివి వినిపించాను. బావ కాసేపు హద్దురాయి మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. “పోదాం పా” అన్నాడు.

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ లైనులో ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) మాటే. మార్చి 31 లోపు కడితే 25 శాతం రాయితీ ఇస్తారట. నా పక్క మిషన్ అన్న 2020లోనే వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాడు. అనుమతి లేని లేఅవుట్‌లో కొన్న ప్లాటుకు ఇన్నేళ్లుగా ఇల్లు కట్టే పర్మిషన్ లేదు. లేఅవుట్ వేసినవాడు ఎగ్గొట్టిన దానికి కొన్నవాడు మళ్లీ ఫీజు కడుతున్నాడు. ఇది అన్యాయం.

అమీన్‌పూర్ మనకు ఎంత దూరం? అక్కడ ప్రీ-లాంచ్ పేరుతో వందల కుటుంబాల దగ్గర డబ్బు తీసుకున్నారన్న కేసులో 2022 డిసెంబరులో ఒక కంపెనీ ఎండీని పోలీసులు అరెస్టు చేశారు. పోయిన సెప్టెంబరులో అమీన్‌పూర్ వైపే కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కట్టడాలు కూల్చింది. అలాంటి చోట కొన్నవాళ్లకు కొనకముందే సర్వే నంబరుతో సహా అసలు కాగితం చూసే దారి ఉంటే కొందరైనా ఆగేవాళ్లు.

ఫిబ్రవరి 26, బుధవారం, మహాశివరాత్రి

ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని దర్శనం చేసుకున్నాం. జాతర జనం మధ్య కూడా కరపత్రాలు పంచుతున్నారు. ‘గుంటల్లో ఫామ్ ల్యాండ్, పాస్‌బుక్ వస్తుంది, రైతు భరోసా పడుతుంది.’ గుంట అంటే 121 గజాలు. లేఅవుట్ లేని పొలాన్ని ముక్కలు చేసి అమ్మడమే ఇది. ఆ కరపత్రం మీదా కోడ్ ఉంది, స్కాన్ చేస్తే యూట్యూబ్ వీడియో.

తిరుగు ప్రయాణంలో హోర్డింగులు చూస్తూ కూర్చున్నాను. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. కోడ్ ఎంత వెడల్పుంటే దాదాపు దానికి పది రెట్ల దూరం నుంచి ఫోను చదవగలదు. 30 మీటర్ల దూరానికి మూడు మీటర్ల కోడ్ కావాలి. హైవే మీద స్కాన్ కోసం బండి నడుపుతూ ఫోను తీయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కోడ్ ఉండవలసిన చోటు వెంచర్ గేటు, మనిషి కంటి ఎత్తున.

మార్చి 2, ఆదివారం

హైదరాబాద్‌లోని రెరా కార్యాలయానికి పంపడానికి అర్జీ రాశాను. బావ, అక్క, షిఫ్టులోని మిత్రులు సంతకాలు పెట్టారు. ముఖ్యమైన భాగం ఇక్కడ ఎక్కిస్తున్నాను:

“అయ్యా, సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో పనిచేసే మేము పీఎఫ్, చిట్టీ డబ్బులతో ప్లాట్లు కొనేవాళ్లం. ప్రతి వెంచర్ గేటు మీద, ప్రతి కరపత్రం మీద రెరాయే ఇచ్చిన కోడ్ ఉండేలా చూడండి. అది నేరుగా మీ పేజీకే తీసుకుపోవాలి. మంజూరైన లేఅవుట్, సర్వే నంబర్లు, ప్రాజెక్టు పూర్తి కావలసిన గడువు, అమ్మకుండా అధికారుల దగ్గర తనఖాలో ఉన్న ప్లాట్ల నంబర్లు అందులో తెలుగులో కనపడాలి. అమ్మేవాళ్ల సొంత కోడ్‌లు రెరా కోడ్ పక్కన ఉండకుండా వేరే చోట పెట్టించండి. వేరే ప్రాజెక్టు నంబరుతో బోర్డు పెట్టినవాళ్ల మీద చట్టంలో ఉన్న జరిమానా వేయండి.”

తోటి కార్మికులకు నా మాట కూడా ఒకటి. ఆ రోజు వచ్చేదాకా బోర్డు మీది కోడ్‌ను నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి. రెరా నంబరును మీ చేత్తో రెరా వెబ్‌సైటులో కొట్టండి. ఊరు, సర్వే నంబరు, ఫేజ్ మూడూ కలవకపోతే అక్కడ రూపాయి కట్టకండి.