మెదక్ చర్చిలో మా నాయినమ్మ

మెదక్ ఊళ్లోకి బస్సు రాకముందే చర్చి గోపురం కనిపించేది. 175 అడుగుల ఎత్తాయె! ముందు ఎవరు చూస్తారోనని కిటికీ సీటు కోసం అన్నా నేనూ కొట్టుకునేవాళ్లం. మాది చర్చికి పోయే ఇల్లు కాదు. అయినా క్రిస్మస్ సెలవుల్లో నాయినమ్మ మమ్మల్ని వెంటేసుకుని పోయేది. ఏ మతంవాళ్లయినా వస్తారక్కడికి. బయటంతా జాతరే.

చెప్పులు విడిచి లోపల కాలు పెడితే చలికి నేల మీది మొజాయిక్ టైల్స్ జివ్వుమనేవి. బయటినుంచి మసిపట్టిన చిమ్నీల్లా కనిపించే కిటికీ అద్దాలు లోపలికెళ్లి తలెత్తితే నీలంగా, ఎర్రగా వెలిగిపోయేవి. ఎదురుగా ఏసు పైకి లేస్తున్నాడు. ఇరుపక్కలా ఆయన పుట్టుక, సిలువ. ఇవి లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన బొమ్మలనీ, ఒకటి 1927లో, ఒకటి 1947లో, చివరిది 1958లో వచ్చాయనీ పెద్దయ్యాక తెలిసింది. పొద్దుగూకితే బొమ్మలు మాయమయ్యేవి. లైటెయ్యమని అన్న అడిగితే అక్కడున్న పెద్దాయన "సూర్యుణ్ణి ఎయ్యమను బిడ్డా" అని నవ్విండు.

నాయినమ్మ ఆ కిటికీల వంక చూసేదే కాదు. స్తంభం దగ్గర నిలబడి రాతిని అరచేత్తో తడిమేది. "మా నాయిన మోసిన రాళ్లురా ఇవి. కరువుల గీడ పనిజేస్తెనే మా ఇంట్ల పొయ్యి వెలిగింది" అనేది. మొదటి ప్రపంచ యుద్ధం రోజులవి. తిండి లేక జనం అల్లాడుతుంటే, ఊరికే పెట్టడం కన్నా పని చూపి పెట్టడం మేలనుకున్నాడు చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ. 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న చర్చి తెరిచారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, ఐదువేల మంది పట్టే చోటు. నన్నడిగితే, అద్దాలకన్నా ఆ రాళ్ల అతుకులే ముందు చూడాలి. అంత బరువును అంత ఎత్తుకు చేర్చిన భుజాలు ఈ చుట్టుపక్కల పల్లెలవే మరి.

"నాయినమ్మా, ఇండ్ల మీ నాయినది ఏ రాయి?" అన్నాడు అన్న.

"గంజికోసం మోసేటోడు రాయి మీద పేరు రాసుకుంటడారా?"

వాడూరుకోలేదు. ప్రతి స్తంభం దగ్గరా ఆగి అదే అడిగి, వీపు మీద ఒకటి తిన్నాడు.