పేరు పలికింది గాని మేలుకోలేదు



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మన యవనస్థుడొకడు ఒక ఆర్డుయినో బోర్డు, బొటనవేలంత ఎంపీయూ-6050 సెన్సార్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. దాన్ని రొయ్యల చెరువులో ఏరియేటర్‌కు బిగిస్తే అదురు తెలుస్తుంది. అదురు ఆగితే గట్టు మీద సైరన్ మోగాలి. అదీ అతని ఆలోచన. చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే గదా!

కానీ బోర్డు పిలిస్తే సెన్సార్ పలకడం లేదు. ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ అనే రెండు తీగలూ సరిగానే ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా దొరికింది: సెన్సార్‌కు విడిగా బ్యాటరీ పెట్టాడు గాని, రెండింటి గ్రౌండ్ తీగలు కలపలేదు. ఇద్దరికీ సున్నా ఒక్కటి కాకపోతే ఒకరి మాట ఒకరికి అందదు. కలపగానే సెన్సార్ తన అడ్రస్ 68 అని పలికింది.

అయినా, "అయ్యగారూ, పలుకుతోంది గాని అన్నీ సున్నాలే వస్తున్నాయండి" అన్నాడు. ఊపి చూసినా సున్నాలే.

ఆ సెన్సార్ కరెంటు ఇవ్వగానే నిద్రావస్థలోనే ఉంటుందట. 6బి అనే రిజిస్టర్‌లో సున్నా రాసి దాన్ని లేపాలి. లేపాడు. బల్ల మీద కదలకుండా ఉన్నా ఒక అంకె 16384 దగ్గర నిలిచింది. అది భూమి లాగే బరువు. తీగలు పొడవైతే మాట చెదురుతుంది గనుక, బోర్డునూ సెన్సార్‌నూ ఒకే పెట్టెలో పెడతానన్నాడు.

"ఇంత కష్టం ఎందుకురా బాబూ?" అని అడిగాము. అప్పుడు చెప్పాడు. పోయిన ఏడు కాపలాకు పడుకున్న వాళ్ల నాన్నకు కునుకు పట్టిందట. ఆ వేళే కరెంటు పోయింది. తెల్లారేసరికి పంటంతా తేలిపోయింది. సిగ్గుపడి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

ప్రియులారా, ఏడాదిగా ప్రతి ఆదివారం ఆ సహోదరుణ్ణి గుమ్మం దగ్గర పలకరించాము. "దేవుని కృపలో బాగున్నామండీ అయ్యగారూ" అనేవాడు. మేమూ సంతోషించి పక్కవారి వైపు తిరిగేవారము. వచ్చినవి సున్నాలని మాకు తెలియలేదు. ఆయన కునికింది ఒక్క రాత్రి. కాపరులమైన మేము ఏడాదంతా నిద్రపోయాము.

ప్రకటన గ్రంథం మూడవ అధ్యాయంలో సార్దీస్ సంఘానికి పేరుంది, జీవం లేదు. ప్రభువు దాన్ని మెలకువగా ఉండమన్నాడు. ఆ మాట ఈ వారం మాకే తగిలింది.

సోమవారం సాయంత్రం ఆ చెరువు గట్టుకు వెళ్లాము. ప్రసంగించలేదు. ఆయన పక్కన కూర్చున్నాము. చాలాసేపటికి ఆయన నోరు విప్పాడు. ఆయన ఏడ్చాడు, మేమూ ఏడ్చాము, తర్వాత ప్రార్థించుకున్నాము.

ఈ వారం మీరూ ఒక్కరి దగ్గరకు వెళ్లండి. "బాగున్నాం" అన్న మాటతో లేచి రావద్దు, ఇంకాసేపు కూర్చోండి. ప్రభువు మనలను మేల్కొలుపును గాక. ఆమేన్.